ఏడుగురి బెంచీ

బందరు
6 ఆగస్టు 2024

రత్నరాజు మావయ్యగారికి,

వందనాలు. పెద్దవాళ్ళకి పెట్టాలి కాబట్టి పెడుతున్నాను, మనసులో ఉండి కాదు.

నేను కల్పనని. మీ చెల్లెలు సరోజ కూతుర్ని. బేతేలుపేటలో ఇంటికి తాళం వేసి మావాళ్ళు బందరు బస్సెక్కినప్పుడు నాకు నాలుగేళ్ళు. ఇప్పుడు ఇరవై నాలుగు. పదో తరగతితో చదువాపేసి రోల్డుగోల్డు పనిలో చేరాను. రోజంతా గొలుసులకి కొక్కేలు అతుకుతాను. నగలు చుట్టడానికి తెచ్చే పాత పేపర్లు చదివి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. నా రాతలో మర్యాద తక్కువైతే ఆ పేపర్లనే అనండి.

మీకు చెవులు వినపడవనీ, ఫోన్ చేస్తే "ఆఁ? ఆఁ?" అని పెట్టేస్తారనీ గుడివాడలో నర్సు పని చేస్తున్న మీ అమ్మాయి జెనిఫర్ చెప్పింది. మేమిద్దరం మాట్లాడుకుంటాం. తిట్టాలంటే నన్ను తిట్టండి, దాన్ని కాదు.

అసలు విషయం. మీ చర్చి వందేళ్ళ పండగ కార్డు మా వీధిలో ప్రెస్సులోనే అచ్చయింది. నవంబరు 24, ఆదివారం. కార్డు వెనక ఊళ్ళో ప్రతి కుటుంబం పేరూ ఉంది. మా అమ్మ పేరు లేదు. అమ్మ చూసింది. కార్డు బైబిల్లో పెట్టుకుంది. మర్నాడు పెట్టెలోంచి చర్చికి కట్టుకెళ్ళే తెల్లచీర తీసి, ఇస్త్రీ చేసి, మళ్ళీ పెట్టెలోనే పెట్టేసింది. అక్కడ నాకు ఒళ్ళు మండింది.

అమ్మ చేసిన తప్పేంటి? చర్చి పొలం రొయ్యల చెరువుకి ఇవ్వడానికి సంఘంలో ఆడవాళ్ళంతా ఒప్పుకున్నారని ముప్పై ఒక్క సంతకాలతో మీ పెద్దలు కాగితం పుట్టించారు. కేసు బందరు కోర్టుకి వచ్చింది. అమ్మ బోనెక్కి, "ఆ సంతకం నాది కాదు" అంది. నాలుగు మాటలు. దానికి ఐదుగురు పెద్దమనుషులు చర్చిలో తాతయ్య చేసిన బెంచీ మీదే కూచుని, "సరోజ ఇకనుంచి ఈ బెంచీ మీద కూచోకూడదు, ఆమెతో ఎవరూ పొత్తు పెట్టుకోకూడదు" అని రాసి సంతకాలు పెట్టారు. ఆ ఐదుగురూ ఎవరో అమ్మ ఇప్పటికీ చెప్పదు.

మొన్న ఒకటో తారీకున సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీలు కూచుని, అదే కోర్టులో 2004లో ఐదుగురు చెప్పిన మాట కొట్టేశారు. ఎస్సీ వర్గీకరణ కేసు. అది మంచో చెడో మీతో పోట్లాట తర్వాత పెట్టుకుంటాను. నాకు పనికొచ్చేది ఒక్కటే. ఐదుగురి బెంచి మాట మార్చాలంటే ఏడుగురి బెంచి కావాలి. మా అమ్మ మీద ఐదుగురు కూచున్నదీ 2004లోనే.

కాబట్టి మాకు ఏడుగురి బెంచి కావాలి. నవంబరు 24 లోపు. ఊళ్ళో మా రక్తం మీరొక్కరే, మీరే ఏర్పాటు చెయ్యాలి.

కోపంతో,
కల్పన

*

బేతేలుపేట
14 ఆగస్టు 2024

అమ్మాయి కల్పనకి,

మావయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చెవిటివాడికి ఉత్తరమంటే ఎవరో పక్కన కూచుని మాట్లాడినట్టే. నువ్వు తిడుతున్నా సరే, వినపడినందుకే సంతోషంగా ఉంది.

మీరు, మీరు అని రాశావు. చిన్నప్పుడు మీ అమ్మకి కోపమొస్తే నన్ను "రత్నరాజుగారూ" అనేది. నాకంటే పదిహేడేళ్ళు చిన్నది. చంకనెత్తుకుని తిప్పినవాణ్ణి గారూ అంటే నాకు నవ్వొచ్చేది, నవ్వితే ఇంకా కోపమొచ్చేది.

ఇక బెంచీ. పాతది ఐదుగురికే సరిపోతుంది, నువ్వు చెప్పింది నిజమే. ఉప్పెనకి కొట్టుకొచ్చిన పడవ చెక్కలతో మా నాన్న చేశాడు. రంపానికి అవతలి కొస పట్టుకున్నది నేనే. పొడవు ఏడున్నర అడుగులు. మనిషికి అడుగున్నర లెక్క వేస్తే ఏడుగురికి పదిన్నర కావాలి. అంత పొడవంటే మధ్యలో ఇంకో జత కాళ్ళు పెట్టాలి, లేకపోతే వంగుతుంది. కూచునేవాళ్ళు లావుపాటి వాళ్ళా? మీ నాన్న శ్యాంబాబు ఆటో నడిపీ నడిపీ బరువెక్కాడని జెనిఫర్ అంది. ఆయన్ని ఇద్దరి కింద లెక్కెయ్యాలా? వెనక ఆనుకోవడానికి పలక కావాలా వద్దా? ఇవి చెబితే చెక్క చూస్తాను.

మీ అమ్మకి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఎత్తు దాన్నిబట్టి పెడతాను.

మీ మావయ్య,
రత్నరాజు

*

బందరు
22 ఆగస్టు 2024

మావయ్యగారికి,

ఎగతాళా? మా అమ్మ ఇరవయ్యేళ్ళ ఉసురు గురించి రాస్తే మీరు అడుగులూ అంగుళాలూ రాస్తారా? మా నాన్నని ఇద్దరి కింద లెక్కేస్తారా? (మీ ఉత్తరం చదివి ఆయన పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు.)

ఒకవేళ నిజంగానే అర్థం కాలేదేమో అని ఒక్కసారి విడమరిచి చెబుతాను. బెంచి అంటే చెక్క కాదు. కలిసి కూచుని కేసు వినే జడ్జీల్ని బెంచి అంటారు. పేపర్లో ధర్మాసనం అని రాస్తారు. సుప్రీంకోర్టులో మొత్తం ముప్పై నాలుగు కుర్చీలు. అందరూ ఒకేసారి కూచోరు. మామూలు కేసుకి ఇద్దరో ముగ్గురో. రాజ్యాంగంలో మాటకి అర్థమేంటని గట్టి ప్రశ్న వస్తే ఐదుగురికి తగ్గకూడదు. ఎవరెవరు కూచోవాలో ప్రధాన న్యాయమూర్తి చెబుతారు. ఒకసారి ఏకంగా పదమూడుగురు కూచున్నారు. ఏడుగురు ఇటు, ఆరుగురు అటు.

ఇంకోటి వినండి, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఒప్పుకోని జడ్జి నోరు మూసుకుని కూచోరు. ఎందుకు ఒప్పుకోలేదో విడిగా రాసి సంతకం పెడతారు. ఓడిపోయినా ఆ కాగితం చింపెయ్యరు, తీర్పుతో పాటే ఉంటుంది. మొన్న ఏడుగురిలో అలా రాసిన ఒకే ఒక్కరు ఆడమనిషి. ముప్పై నాలుగు కుర్చీల్లో ఆడవాళ్ళు ముగ్గురే, అది చూసినా నాకు మండుతుంది. మీ ఐదుగురిలో అయితే ఒక్కతీ లేదు. దొంగ సంతకాలేమో ఆడవాళ్ళవి, తీర్పు మొగాళ్ళది!

మనకి ఏడుగురు కావాలి. అందులో ముగ్గురికి తగ్గకుండా ఆడవాళ్ళు. ఇప్పుడైనా అర్థమైందా?

కల్పన

*

బందరు
9 సెప్టెంబరు 2024

మావయ్యగారికి,

కృష్ణ పొంగి దివిసీమ లంకలు మునిగాయని టీవీలో చూసినప్పటినుంచీ అమ్మ ఒక్కచోట కూచోవడం లేదు. పైకి మాత్రం "వాళ్ళ సంగతి మనకెందుకు" అంటుంది. మీ ఇంట్లోకి నీళ్ళు రాలేదని జెనిఫర్ చెప్పాక అన్నం తింది.

అదే జెనిఫర్ ఇంకో మాట కూడా చెప్పింది. మీరు శామ్యూల్ రాజ్ ఇంటికి వెళ్ళి కాఫీ తాగుతున్నారట. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ రొయ్యల చెరువు కాగితం రాయించింది ఆయనే అని ఊరందరికీ తెలుసు. నాకు జవాబు రాయడానికి తీరిక లేదుగానీ కాఫీలకి ఉందన్నమాట.

వద్దంటే వద్దని చెప్పండి. నా బతుకు నేను బతుకుతాను.

కల్పన

*

బేతేలుపేట
17 సెప్టెంబరు 2024

కల్పనా, తల్లీ,

నీ రెండు ఉత్తరాలూ చేరాయి. మొదటిదానికి జవాబు రాసి చింపాను. మళ్ళీ రాసి మళ్ళీ చింపాను. వరద వచ్చింది, పోస్టు ఆగింది, సాకు దొరికిందనుకున్నాను. వరద తీసేసింది, సాకు కూడా పోయింది.

ముందు చిన్న సంగతి. నేను ఎగతాళి చెయ్యలేదు. నలభై ఏళ్ళు కలప కోతమిల్లు పక్కన నిలబడి పని చేసినవాడికి బెంచి అంటే బెంచీయే. పదమూడుగురి బెంచి అంటే, అంత పొడవు చెక్క దివిసీమ మొత్తం మీద దొరకదే అనుకున్నాను కూడా. మన పెరట్లో పెద్ద వేపచెట్టు గాలికి పడిపోయింది. దాన్ని కోయించాను. అది దేనికి పనికొస్తుందో తర్వాత చూద్దాం.

ఇక పెద్ద సంగతి. ఆ ఐదుగురూ ఎవరో మీ అమ్మ చెప్పలేదన్నావు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. శామ్యూల్ రాజ్ ఒకరు. ముగ్గురు చనిపోయారు. ఐదోవాణ్ణి నేను.

నాకు ఇష్టం లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. పెద్దలందరూ నావైపు చూశారు. సొంత చెల్లెలు కాబట్టి నువ్వే ముందు పెట్టాలన్నారు. పెట్టాను. మీ అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. అప్పుడు నువ్వు దాని కొంగు పట్టుకుని ఉన్నావు.

శామ్యూల్ రాజ్ ఇంటికి వెళ్ళేది కాఫీకి కాదు. మేం ఐదుగురం సంతకాలు పెట్టిన కాగితం ఆయన బీరువాలో ఉంది. అడుగుతున్నాను. ఇవ్వనంటున్నాడు. వాళ్ళావిడ మర్యాదకి కాఫీ ఇస్తుంది, తాగకపోతే బాగుండదని తాగుతున్నాను.

రత్నరాజు

*

బందరు
24 సెప్టెంబరు 2024

మీరా.

తాతయ్య చేసిన బెంచీ మీద కూచుని, మీరా.

మూడు రోజులు పనిలో కొక్కేలు వంకరగా అతికాను, ఓనరు తిట్టాడు. అమ్మకి చెప్పలేదు. తనకి తెలుసు కదా, ఇరవయ్యేళ్ళుగా తెలిసి కూడా మీ ఇంట్లోకి నీళ్ళు రాలేదంటేనే అన్నం తింది. అది తల్చుకుంటే నాకు మీ మీద కంటే దాని మీద కోపమొస్తోంది.

సొంతవాళ్ళ కేసైతే జడ్జి ఆ బెంచి మీద కూచోకూడదు, తప్పుకోవాలి. మీరు అప్పుడు తప్పుకోలేదు. ఇప్పుడు తప్పుకోండి. ఏడుగురిలో మీరు ఉండకూడదు. కానీ ఏడుగురినీ పోగెయ్యాల్సింది మాత్రం మీరే.

కల్పన

*

బేతేలుపేట
20 అక్టోబరు 2024

కల్పనకి,

నువ్వు చెప్పినట్టే తప్పుకున్నాను. ఏడుగురిని పోగేశాను. ముగ్గురు ఆడవాళ్ళు. నలుగురు మొగవాళ్ళు, అందరూ చర్చి కొత్త కమిటీ వాళ్ళు.

నేను ఇంటింటికీ తిరిగాను. ఎవరేమంటున్నారో నాకు వినపడదు కదా, అందుకని ఏడు ప్లైవుడ్ ముక్కలు కోసి, ఒక్కొక్కరికి ఒక ముక్కా నా పెన్సిలూ ఇచ్చాను. నోటితో చెప్పొద్దు, రాసి సంతకం పెట్టమన్నాను. చాలామందికి అది నచ్చలేదు. "అనేస్తాం గానీ రాతలెందుకు రత్నరాజూ" అన్నారట. నాకు వినపడలేదు. చెవుడు వల్ల మొదటిసారి లాభపడ్డాను.

సరోజ రావాలని ముగ్గురు. అక్కర్లేదని ముగ్గురు. వాళ్ళవి కూడా దాచాను, ఒప్పుకోనివాళ్ళ రాత చింపకూడదన్నావుగా. ఏడో ముక్క రాజకుమారిది. ఆమె మొగుడు ఆ ఐదుగురిలో ఒకడు, పోయాడు. ఆమె వారం రోజులు ముక్క ఇవ్వలేదు. నేను రోజూ వెళ్ళి అరుగు మీద కూచునేవాణ్ణి. నిన్న ఇచ్చింది. అవునూ అని లేదు, కాదూ అని లేదు. "ఇది నా సంతకం" అని రాసి, కింద సంతకం పెట్టింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఆ ముప్పై ఒక్క సంతకాల్లో ఆమెది కూడా ఉంది, తల్లీ. అప్పటికి ఆమెకి రాయడమే రాదు.

దాన్ని నేను అవును కిందే లెక్కేశాను. ఆమె తలూపింది. నలుగురు, ముగ్గురు.

ఒక్కటి అడగనా? ఇదంతా సరోజకి చెప్పావా? కోర్టులో అయినా కేసు తెచ్చినవాళ్ళు ఉండాలి కదా.

రత్నరాజు

*

బందరు
27 అక్టోబరు 2024

మావయ్యగారికి,

చెప్పలేదు. గెలిచాక చెబుదామనుకున్నాను. నిన్న చెప్పాను, మిఠాయి డబ్బా తెచ్చి మరీ.

అమ్మ అంతా విన్నది. పప్పులో రాళ్ళు ఏరుతూ విన్నది. చివర్లో అంది: "ఏడుగురు కూచుని నన్ను రానిస్తారా? అంటే ఐదుగురికి నన్ను ఆపే హక్కు ఉందని నేను ఒప్పుకున్నట్టేగా. నేను చేసిన తప్పేదీ? తప్పు లేనిదానికి తీర్పెందుకే? ఆ ఐదుగురికీ లేని హక్కు ఈ ఏడుగురికి ఎక్కణ్ణించి వచ్చింది?"

నాలుగేళ్ళుగా ఆ పాత పేపర్లలో రాజ్యాంగం గురించి చదువుతున్నాను నేను. అమ్మ ఏడో తరగతి. ఏ కేసులోనైనా మొదటి ప్రశ్న అదే, ఈ కేసు వినే అధికారం నీకు ఉందా అని. నేనే మర్చిపోయాను.

రానంది. తెల్లచీర పెట్టె అడుక్కి తోసేసింది. ఇంతకుముందు పైనైనా ఉండేది. నేనే చెడగొట్టాను. రాజకుమారిగారికి నా వందనాలు చెప్పండి. ఆవిడ రాత తల్చుకుంటే మాత్రం ఏడుపొచ్చింది, ఎవరికీ చెప్పకండి.

కల్పన

*

బేతేలుపేట
8 నవంబరు 2024

కల్పనా,

నువ్వు చెడగొట్టలేదు. మీ అమ్మ చెప్పిందే సరైన తీర్పు. ఏడుగురి మీద ఎనిమిదోది.

శామ్యూల్ రాజ్ కాగితం ఇచ్చాడు. ప్లైవుడ్ ముక్కలు ఏడూ ఆయన ముందు బల్లమీద పరిచాను. చాలాసేపు రాజకుమారి ముక్కే చూశాడు. లేచి బీరువా తీశాడు. ఆరోజు కాఫీ నేనే వద్దన్నాను.

ఆ కాగితం దీంతో పంపుతున్నాను. అడుగున నేను నాలుగు ముక్కలు రాశాను. అవి సరోజకి. నువ్వు ముందు చదవకు. చదువుతావులే.

నీతో ఒక లాయరు మాట. ఆ కాగితంలో "ఈ బెంచీ మీద" అనే ఉంది. కొత్త బెంచీ ఊసే లేదు. వేపచెక్కతో ఒకటి చేశాను, పదిన్నర అడుగులు. పచ్చి చెక్క, సరిగ్గా ఆరలేదు, మెలి తిరిగినా తిరగొచ్చు. మోకాళ్ళ సంగతి నువ్వు రాయలేదు కాబట్టి ఎత్తు నాకు తోచినట్టు పెట్టాను.

వస్తే వస్తుంది. రాకపోతే ఆ బెంచీ అలాగే ఉంటుంది.

మావయ్య

*

బందరు
26 నవంబరు 2024

మావయ్యా,

నీకు అన్నీ తెలుసు, అక్కడే ఉన్నావు. కానీ నీకు వినపడనివి కొన్ని ఉన్నాయి కదా, అవి రాస్తున్నాను.

కాగితం నేను ముందు చదివాను. నువ్వన్నట్టే. "సరోజా, కోర్టులో నువ్వు ఆ సంతకం నాది కాదన్నావు. అది నిజం. ఈ కాగితం మీద రత్నరాజు అని ఉంది. ఆ సంతకం నాదే. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. నేను ఒప్పుకోలేదని ఆరోజు రాయాల్సింది, ఇవాళ రాస్తున్నాను."

అమ్మకి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, నీ రాత చూడకుండా ముందు ఆ పాత సంతకమే చూసింది. "వీడు 'ర' రాస్తే తోక ఇలాగే లాగుతాడు" అంది. తర్వాత కిందది చదివింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చి, "శ్యామూ, ఇరవై నాలుగున ఆటో బేరాలు పెట్టుకోకు" అంది నాన్నతో. అంతే.

చర్చిలో అమ్మ ముందు తాతయ్య బెంచీ దగ్గరికి వెళ్ళింది చూశావా? శామ్యూల్ రాజ్‌గారు పాటల పుస్తకంలో తల దూర్చి పక్కకి జరిగారు. అమ్మ అక్కడ కూచుని, ఒక పాట అయ్యేదాకా ఉండి, లేచి నీ బెంచీ మీదకి వచ్చింది. ఎందుకమ్మా అంటే, "అక్కడ కూచోవచ్చని కూచున్నాను. ఇక్కడ కూచోవాలని కూచున్నాను" అంది. నీకు వినపడి ఉండదు. రాజకుమారిగారు విని అమ్మ చెయ్యి పట్టుకున్నారు.

నేను అడగాల్సింది ఒకటుంది. ప్రసంగం మధ్యలో అమ్మ నీ జేబులోంచి పెన్సిల్ లాక్కుని ప్లైవుడ్ ముక్క మీద ఏదో రాసి ఇచ్చింది. నువ్వు చదివి కళ్ళు తుడుచుకుని నవ్వావు. ఇంటికొచ్చాక ఎంత అడిగినా చెప్పదు. "అది మా కోర్టు" అంటుంది. ఏం రాసింది? నాకు తెలియాలి. చెప్పకపోతే మళ్ళీ "మీరు" అంటాను.

నీ మేనకోడలు,
కల్పన

*

బేతేలుపేట
30 నవంబరు 2024, శనివారం

కల్పనా,

ముక్క నా దగ్గరే ఉంది, మిగతా ఏడింటితో కలిపి పెట్టాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఒరే అన్నయ్యా, బెంచీ ఊగుతోంది. నా వైపు కాలు పొట్టి. వచ్చే ఆదివారం వచ్చి చూస్తాను, ఈలోపు సరిచెయ్యకపోయావో చూడు."

రేపు ఆదివారం. ఉలి నూరి పెట్టుకున్నాను. కానీ కాలు ముట్టుకోలేదు. దాన్ని వచ్చి కూచోనీ. కూచుని తిట్టనీ. అప్పుడు చేస్తాను.

మావయ్య